అవ్వ పంచిన బన్నులు, బాపు తిన్న బర్గర్

నేను జనగామలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లోనే ఫోనులో నెట్టు చవకైంది. దాంతో ఊళ్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి నేర్చుకోవడం మొదలుపెట్టారు. మా దుకాణంలో మూటలు దించే అన్న చేతిరేఖలు చూడడం నేర్చుకున్నాడు. ఇంటి ఓనరుగారి కూతురు మెహందీ పెట్టడం నేర్చుకుంది (ఆ నేర్చుకునే రోజుల్లో చెయ్యి ఇచ్చింది నేనే కాబట్టి, నా అరచేతులు చాలాకాలం సిరా ఒలికినట్టు ఉండేవి). నేను వంట నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే చూశానని అర్థం. రోజూ పడుకునే ముందు ఫోనులో నాలుగు వంటల వీడియోలు చూసేదాన్ని, చూసినవన్నీ వచ్చేసినట్టే అనిపించేది. పిజ్జా ఎలా చేయాలో గడగడా చెప్పగలిగేదాన్ని. అన్నం మాత్రం ఒకరోజు జావలాగా, ఇంకోరోజు పలుకులు పలుకులుగా దిగేది. అన్నం వండడం ఎలాగో చెప్పే వీడియోలు లేవని కాదు, ఇరవై ఒక్కేళ్ల వయసులో అలాంటివి చూడడం నామోషీ.

మాది రేగొండ దగ్గర పల్లె. బాపు పత్తి, మిర్చి పండించేవాడు. డిగ్రీ అయ్యాక నాకు జనగామలో ఒక విత్తనాల దుకాణంలో కంప్యూటరు మీద బిల్లులు కొట్టే పని దొరికితే, బాపు చాలారోజులు ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు. చివరికి "అవ్వను తోల్కపో, పోతే పో" అన్నాడు. అవ్వ అంటే బాపును కన్నతల్లి, నాకు నాయనమ్మ (బాపూ, నేనూ ఇద్దరం ఆమెను అవ్వ అనే పిలుస్తాం). నాకు కాపలాగా పంపితే, అవ్వ జనగామ వచ్చి నాకంటే ఎక్కువ సంబరపడింది. మేం ఉండేది వరుసగా నాలుగు పోర్షన్లున్న ఇంట్లో. నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆమె ఎవరో ఒకరి గడపలో కూర్చుని ఉండేది. మా పక్క పోర్షన్‌లో గార్ల దగ్గరి తండా నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. గార్ల అక్క, గార్ల అన్న అని పిలిచేదాన్ని. వాళ్లు ఇంట్లో తమ భాషలో మాట్లాడుకుంటుంటే అవ్వ గోడకు ఇవతల కూర్చుని, అర్థమైనట్టు తల ఊపేది. "నీకేం తెలుస్తదే అవ్వా" అని అడిగితే, "మొగడు పెండ్లాల ముచ్చట తెల్వకపోవుడేంది, ఏ భాషల మాట్లాడినా గదే లొల్లి" అనేది.

అంతా బాగున్న సమయంలో అవ్వ బాత్‌రూంలో కాలుజారి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. దవాఖానలో పిండికట్టు వేసి, చెయ్యి కదిలించకూడదన్నారు. అప్పటిదాకా వంటంతా అవ్వదే. ఇప్పుడు ఆ బాధ్యత నా మీద పడింది, అంటే మా ఇద్దరి పొట్టల మీద పడింది. పైగా అవ్వకు నేనే తినిపించాలి. ఎడమచేత్తో బువ్వ ముట్టదు. చెంచా ఇస్తే, "అన్నం చెంచతోని తినుడేంది, నేనేమన్న పేషెంటునా" అనేది. కట్టు చూపించి "మరి కాదా" అంటే ముఖం పక్కకు తిప్పుకునేది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ముద్దలు కలిపి నోట్లో పెట్టేదాన్ని. నా వంట కాబట్టి, నా చేతి ముద్ద కాబట్టి, నోరు తెరిచేముందు ప్రతిసారీ ఒక క్షణం ఆగేది. జీవితమంతా ఇంటిల్లిపాదికీ పెట్టిన మనిషి. నా ఎదుట అలా నోరు తెరిచి కూర్చోవడానికి ఎంత సిగ్గుపడేదో ఆ ఆగడంలో తెలిసేది. నాలుగు రోజులు కష్టపడి, ఐదో రోజు నుంచి సందు చివర ఉన్న కర్రీ పాయింట్ నుంచి కూరలు తేవడం మొదలుపెట్టాను. ఆ సంగతి ఊళ్లో తెలియకుండా ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కానీ బాపు ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగితే, అవ్వ నిండు మనసుతో, "నాకేం కొడుకా, కర్రీ పాయింటోడు మంచిగ చేస్తండు, నిన్న గుత్తివంకాయ అయితే మస్తుండే" అని చెప్పేసింది.

ఫోన్ నా చేతికి వచ్చింది.

"బిడ్డా, సామాన్లు సదురుకో. బుధారం వస్త, ఇద్దర్ని తోల్కపోత" అన్నాడు బాపు. కోపంగా కూడా కాదు, పత్తి ఏరడానికి ఎప్పుడు రావాలో చెప్పినట్టు చెప్పాడు. అందుకే భయమేసింది.

"పని ఉన్నది బాపూ. సీజను. సేటు పంపడు."

"ముసలామె చెయ్యి ఇరిగి కూసున్నది. కొనుక్కచ్చుకొని తింటాండ్రు. గిట్ల బతుకుడెందుకు? ఇంటికాడ మీ అమ్మ బుక్కెడంత వండి పెడ్తది గద."

"రోజు కొంటలేం. నేను గూడ వండుతన్న."

"ఏం వండుతన్నవ్?"

పప్పు అని చెప్పి ఉండాల్సింది. కానీ పప్పు అంటే నా పప్పు బాపుకు తెలుసు. చింతపండు ఎక్కువై పళ్లు పులిసి, మరునాడంతా చెరుకు కూడా కొరకలేకపోయాడు ఒకసారి. టమాట అంటే అమ్మ టమాట గుర్తొస్తుంది. కోడికూర అంటే అవ్వ కోడికూరతో పోటీ. ఏం చేసినా ఎవరో ఒకరి పక్కన నిలబెట్టి చూస్తారు. ఆ క్షణంలో నా బుర్రకు తట్టిన ఉపాయం ఏమిటంటే, బాపు జన్మలో ఎన్నడూ తినని వంట పేరు చెప్పాలి, అప్పుడు దేనితోనూ పోల్చలేడు. దుకాణంలో తోటి అమ్మాయి పుట్టినరోజుకు చౌరస్తా దగ్గరి బేకరీలో ఒక్కసారి తిన్నది గుర్తొచ్చి, "బర్గర్" అన్నాను.

"సరే, బుధారం గదే చెయ్యి. తిని సూస్త. మంచిగుంటె అప్పుడు మాట్లాడుదం" అన్నాడు బాపు.

నా ఉద్యోగం, జనగామలో నా బతుకు, నా మెహందీ చేతులు, అన్నీ ఒక బర్గర్ మీద ఆధారపడ్డాయన్నమాట. భయపడాలి. నేను మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, ఎందుకంటే బర్గర్ వీడియో అప్పటికే మూడుసార్లు చూసి ఉన్నాను. ఆ వీడియోలో ఆవిడ చెప్పే తెలుగు అవ్వకు వింతగా ఉండేది. "గామె మాట్లాడుతదా, పద్యం జదువుతదా" అని అడిగేది. ఆవిడ మాత్రం ప్రతి వాక్యం చివరా "చాలా ఈజీ అండీ" అనేది. ఆ మాటను నేను పూర్తిగా నమ్మాను.

మంగళవారం సాయంత్రమే బేకరీకి వెళ్లి నువ్వులద్దిన బన్నుల ప్యాకెట్టు తెచ్చి, చీమలు పట్టకుండా గూట్లో పెట్టాను. బుధవారం సేటును బతిమాలి ఒక గంట ముందు బయటపడి, మటన్ ఖీమా కొట్టించుకుని, క్యాబేజీ, కీరదోసకాయ, టమాటాలు, సాస్ సీసా పట్టుకుని ఇల్లు చేరాను. అవ్వ గడపలో కూర్చుని ఎడమచేత్తో విసనకర్ర ఊపుకుంటూ ఉంది. లోపలికి వెళ్లి గూట్లో చూశాను. ప్యాకెట్టు కవరు ఉంది. మడతపెట్టి, దాని మీద ఉప్పుడబ్బా బరువుపెట్టి ఉంది. లోపల బన్నులు లేవు.

"అవ్వా, బన్నులేవి?"

"నీ గార్ల అక్కకు జరమొచ్చింది బిడ్డా. పొద్దటిసంది పండుకొనే ఉన్నది. గందుకే ఇచ్చిన. పాలల్ల ముంచుకొని తిన్నది, పాపం."

"అన్నీనా?"

"ఒక్కటిస్తే ఏం బాగుంటది? పట్టుకపోయి అన్ని ఇచ్చిన" అంది అవ్వ. నా ముఖం చూసి, ఆమెకు నిజంగానే అర్థంకాక అడిగింది. "అవునే, జరమొచ్చినోళ్లు తినే తిండి మనింట్ల ఎందుకు తెచ్చి పెట్టినవ్? నేను పొద్దట్నుంచి గదే ఆలోచిస్తన్న. నీకేమన్న పాణం బాగుంటలేదా?"

కోప్పడడానికి లేదు. మా ఊళ్లో బన్ను అంటే నిజంగానే దవాఖాన తిండి. జ్వరం వస్తే పాలు, బన్ను. ఎవరైనా బన్ను కొంటుంటే, ఇంట్లో ఎవరికి బాగాలేదని దారినపోయేవాళ్లు ఆగి అడుగుతారు. నిన్నటిదాకా నాకు కూడా అది తెలిసిన విషయమే, కాకపోతే వీడియోల్లో పడి మరిచిపోయాను. మళ్లీ బేకరీకి పరుగెత్తుదామా అనుకుంటుండగా ఫోన్ మోగింది. "ఘనపురం దాటిన" అన్నాడు బాపు. బస్సు జోరు మీద ఉంటే ఆయన అరగంటలో గుమ్మంలో నిలబడతాడు. చౌరస్తాకు పోయి రావడమా, ఖీమా వండడమా? ఖీమా అనుకున్నాను.

బన్ను లేకపోతేనేం, దాని మధ్యలో పెట్టే ఖీమా టిక్కీలు ఉన్నాయి కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఖీమాలో ఉల్లిగడ్డ తురిమి, ఎల్లిపాయ, మిరియాలపొడి, ఉప్పు, కారం, కాసిన్ని పుట్నాల పొడి కలిపి, ఆవిడ చేసినట్టే గుండ్రంగా ఒత్తి పెనం మీద వేశాను. ఉల్లిగడ్డలోని నీళ్లు పిండేయాలని ఆవిడ చెప్పే ఉంటుంది. నేను ఆ ముక్క దాటేసి ఉంటాను. అట్లకాడతో తిప్పగానే మొదటిది నాలుగు ముక్కలైంది. రెండోది తిప్పకముందే విడిపోయింది. మూడోదాన్ని మరీ సుతారంగా తిప్పాను, అది మరీ సుతారంగా పొడిపొడి అయింది. పెనం నిండా ఖీమా పొరటు. వీడియో ఆవిడ పక్కనుంచి "చాలా ఈజీ అండీ" అంది. ఫోను బోర్లా పెట్టేశాను.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. నేను ఏడవలేదు. బన్ను పోయింది, టిక్కీ పోయింది, ఇంకా ఏం మిగిలింది అని పెనం ముందు నిలబడి చూసుకున్నాను. రుచి అంతా మిగిలే ఉంది. పోయినవి రెండూ ఆకారాలే. మంట పెంచి ఆ ఖీమాను అంచులు కరకరలాడేదాకా వేయించాను. ఇంట్లో ఉన్న ఆలుగడ్డలు సన్నగా కోసి వేరే మూకుడులో ఎర్రగా వేయించాను. క్యాబేజీ దారాల్లా తరిగి చల్లటి కుండనీళ్లలో వేసి తీశాను. కీరదోసకాయ చక్రాల మీద నిమ్మకాయ పిండి ఉప్పు చల్లాను. గట్టి పెరుగులో టమాటా సాసు, దంచిన ఎల్లిపాయ, మిరియాలు కలిపి గిలక్కొట్టాను. తర్వాత లోతుగా ఉన్న స్టీలు గిన్నెలు మూడు తీసి, అడుగున క్యాబేజీ, దాని మీద వేడి ఖీమా, చుట్టూ టమాటా, కీరా, పైన ఆలుగడ్డ ముక్కలు, అన్నిటి మీద ఆ పెరుగు సాసు పోశాను. అవ్వ కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఇదంతా చూస్తూ ఒకే మాట అంది. "వాసనైతే వస్తంది."

బాపు రానే వచ్చాడు. ఒక చేతిలో అమ్మ పంపిన సంచి, ఇంకో చేతిలో మడతపెట్టిన ఖాళీ గోనెసంచులు. గోనెసంచులెందుకని అడగలేదు. మా గిన్నెలూ చెంబులూ మూటకట్టడానికని తెలుస్తూనే ఉంది. కాళ్లు కడుక్కుని, అవ్వ చెయ్యి పట్టి చూసి, నొప్పి ఉందా అని అడిగి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను గిన్నె ముందు పెట్టాను.

"గిది ఏంది?"

"బర్గర్."

బాపు గిన్నెను ఒకసారి గుండ్రంగా తిప్పి చూశాడు. "బర్గరంటే రెండు రొట్టెల నడుమ పెడ్తరు గద. భూపాలపల్లిల సూసిన. దీంట్ల రొట్టేది?"

ఏం చెప్పాలా అని నేను నోరు తెరిచేలోపు గుమ్మంలో గార్ల అన్న నిలబడి ఉన్నాడు. చేతిలో మా పళ్లెం, కడిగి తెచ్చాడు. బాపును చూసి నమస్తే పెట్టి, "మీరేనా పెద్దమ్మ కొడుకు? పెద్దమ్మ బన్నులు పంపిందన్నా. మా ఆమె గవే తిన్నది పొద్దటిసంది, ఇప్పుడు జరం దిగింది" అని కృతజ్ఞతగా చెప్పి, పళ్లెం నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ నా వైపు చూసింది. నేను గిన్నె వైపు చూశాను.

"బన్నులు గిందుకు తెచ్చినవా బిడ్డా?" అంది అవ్వ నెమ్మదిగా. అప్పుడు అర్థమైంది ఆమెకు. "అయ్యో, నాకు జెప్పొద్దా?"

"ఏం గాదు అవ్వా. బన్ను లేకుండ గూడ తింటరు" అన్నాను. తింటారో లేదో అప్పటికి నాకు తెలియదు. ధైర్యం కోసం అన్నాను.

బాపు అన్నం కలిపినట్టే గిన్నెలో చెయ్యిపెట్టి అంతా ఒక్కటి చేసి కలిపాడు. నేను అంత అందంగా పేర్చిన వరుసలన్నీ ఒక్క తిప్పుకు పోయాయి. ముద్ద కాదు గాని ముద్దలాంటిది చేసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకోటి పెట్టుకున్నాడు. ముఖంలో ఏమీ తెలియడంలేదు. మార్కెట్లో మిర్చి రేటు చెప్పేటప్పుడు కూడా ఆయన ముఖం అలాగే ఉంటుంది, ఎక్కువ పలికినా, తక్కువ పలికినా. నేను ఆగలేక, ఆ పరేషాన్‌లో ఏదో ఒక పని ఉండాలని, అవ్వకు తినిపిద్దామని ఆమె గిన్నె అందుకోబోయాను.

గిన్నె అక్కడ లేదు. అవ్వ ఒళ్లో ఉంది. కట్టు చేతిని గిన్నెకు ఆసరాగా ఆనించి, ఎడమచేత్తో చెంచా పట్టుకుని, అవ్వ తింటోంది. క్యాబేజీ ఒక పోగు చెంచాకు వేలాడుతుంటే నాలుకతో అందుకుంది. సాసు గడ్డానికి అంటింది, భుజంతో తుడుచుకుంది. మేమిద్దరం చూస్తున్నామని గమనించి, "ఏంది? గిది అన్నం గాదుగా" అంది. చెంచాతో అన్నం తినకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ఇది అన్నం కాదు, కాబట్టి దీనికి ఏ నియమమూ లేదు. చెయ్యి విరిగిన తర్వాత ఎవరి చేతి ముద్దకోసమూ నోరు తెరవకుండా అవ్వ తిన్న మొదటి తిండి అది.

బాపు తినడం ఆపి తన తల్లిని చాలాసేపు చూశాడు. అవ్వ గిన్నె అడుగుదాకా గీకి, చెంచా నాకి, గిన్నెను టకామని కింద పెట్టింది. ఆ చప్పుడులో ఎంత గర్వం ఉందో చెప్పలేను. అప్పుడు బాపు తన గిన్నె ముగించి, వేళ్లు నాక్కుని, "కారం జర తక్కువైంది" అన్నాడు. గిన్నె నా వైపు చాపి, "ఇంకింత ఉన్నదా?" అన్నాడు.

ఉంది. నా గిన్నె. ఇచ్చేశాను. ఆ రాత్రి నేను పెనం గీకి, మిగిలిన క్యాబేజీ తిని పడుకున్నాను. అంత తృప్తిగా మళ్లీ ఎప్పుడు తిన్నానో గుర్తులేదు.

పొద్దున మొదటి బస్సుకు బాపు ఒక్కడే బయల్దేరాడు. ఇంటికి తీసుకుపోయే మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గోనెసంచులు చంకలో పెట్టుకుని, "అవ్వకు రాత్రిపూట గదే పెట్టు, మంచిగ తింటంది" అన్నాడు, అంతే. మెచ్చుకోవడం ఆయనకు రాదు, ముఖం మీద అసలే రాదు. కానీ రేగొండ చేరాక ఆయనకు నోరు వచ్చింది. హోటల్లో చాయ్ తాగుతూ, పత్తి చేలో, బ్యాంకు లైన్లో, కనిపించిన ప్రతివాడికీ చెప్పాడట. "నా బిడ్డ బన్ను లేకుండనే బర్గర్ చేస్తది" అని, ఎవరో ఎడ్లు లేకుండానే దుక్కి దున్నినట్టు. మా చిన్నాయన వినలేక, "ఏందన్నా, జనగామల బన్నులు దొరుకుతలెవ్వా?" అని అడిగితే, "దొరుకుతయి. కానీ నా బిడ్డకు అక్కరలే" అన్నాడట. ఇవన్నీ అమ్మ ఫోన్‌లో చెప్పి, చివరికి గొంతు తగ్గించి, "నాకు గూడ జర చెప్పు. రోజు అడుగుతండు" అంది. పప్పులో ఉప్పెంతో నాకు నేర్పలేక విసిగిపోయిన మా అమ్మ, నన్ను వంట అడిగింది. గొంతు సవరించుకుని చెప్పాను. రెండో వాక్యం చివర "చాలా ఈజీ అమ్మా" అని కూడా అన్నాను.

అవ్వ కట్టు విప్పేదాకా వారంలో రెండు మూడు రోజులు అదే మా రాత్రి భోజనం. జ్వరం తగ్గిన గార్ల అక్క కూడా ఒకరోజు గిన్నె తెచ్చుకుని మాతో కూర్చుంది. ఖీమా లేని రోజు మీల్‌మేకర్, అదీ లేకపోతే ఉడికించిన గుడ్లు. కట్టు విప్పాక అవ్వ పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చి, మొదటిరోజే నన్ను పక్కకు జరిపి అన్నం వండింది. అయినా ఎప్పుడన్నా నేను ఆలస్యంగా వస్తే, "నీ గిన్నె బువ్వ చెయ్యరాదే" అని అడిగేది. అవ్వ పోయి కొన్నేళ్లయింది.

ఇప్పుడు నేను మహబూబాబాద్‌లో ఉంటున్నాను. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల హోంవర్కుల మధ్య అరగంటలో ఈ వంట దించేస్తాను. మాకిది వారం మధ్యలో అలవాటైన తిండి. ఇక్కడి సూపర్ మార్కెట్లో బన్నులు గుట్టలుగా ఉంటాయి. మా పిల్లలు వాటిని చూపించి అడుగుతారు. మీ తాత ఒప్పుకోడు అంటాను.

నిజంగానే ఒప్పుకోడు. మొన్న బాపును హన్మకొండలో డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లాను. షుగర్ కొద్దిగా ఎక్కువుంది. అన్నం, రొట్టె తగ్గించి, కూరగాయలు, మాంసం, గుడ్లు ఎక్కువ తినమని ఆ యువ డాక్టరు ఓపికగా చెబుతుంటే, బాపు మధ్యలోనే చెయ్యెత్తి ఆపి, నన్ను చూపించాడు. "గీ ముచ్చట నా బిడ్డ ఎప్పుడో చెప్పింది సార్. మీరింక సదువుకుంటున్నప్పుడే బన్ను తీసేసింది" అన్నాడు. డాక్టరు నా వైపు గౌరవంగా చూసి, "మీరు న్యూట్రిషన్ చదివారా మేడం?" అని అడిగాడు.

కాదని చెప్పాలి. బాపు ముఖం చూశాను. మిర్చి రేటు ఎంత పలికినా కదలని ఆ ముఖం ఆ రోజు నిండుగా నవ్వుతోంది. "ఏదో, కొంచెం" అన్నాను. బయటికొచ్చి బస్సుకోసం నిలబడ్డప్పుడు ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. పోషకాల సంగతి దానికేం తెలుసు, అన్నం వండడమే తెలియదు. దానికి తెలిసిందల్లా, ఏం చేసైనా సరే ఆ ఊళ్లో ఇంకొన్నాళ్లు ఉండాలని. ఏం నవ్వుతున్నావని బాపు అడిగాడు. ఏం లేదు, ఆకలైతోందన్నాను.